కెమిస్ట్రీ రాని ఫౌండర్ సైన్స్ స్కిన్‌కేర్ బ్రాండ్ నడపగలరా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: డిజిటల్ మార్కెటింగ్‌లో అనుభవం ఉంది, కెమిస్ట్రీ ఇంటర్‌తోనే ఆగిపోయింది. ది ఆర్డినరీ, మినిమలిస్ట్ తరహాలో సీసా మీద శాతాలు వేసి విజయవాడ నుంచి స్కిన్‌కేర్ బ్రాండ్ పెట్టాలనుకుంటున్నారు. మొదటి ఉత్పత్తి 20 శాతం విటమిన్ సి సీరం. ఫౌండర్‌గా ఏది స్వయంగా నేర్చుకోవాలి, ఏది ఇంకొకరికి అప్పజెప్పాలి, మొదట్లో ఇంట్లోనే చిన్న బ్యాచ్‌లు చేసి అమ్మొచ్చా అని మీ సందేహం.

కెమిస్ట్రీ రాకపోవడం పెద్ద అడ్డేమీ కాదండీ. ది ఆర్డినరీని పుట్టించిన బ్రాండన్ ట్రూయాక్స్‌ది కంప్యూటర్ సైన్స్ నేపథ్యం. అసలు చిక్కు ఎక్కడంటే, సీసా మీద వేసిన అంకెకి కంపెనీలో జవాబుదారీ ఎవరు? ఆ మనిషి "ఈ బ్యాచ్ బయటికి పోకూడదు" అంటే ఫౌండర్ కూడా నోరు మూసుకుని ఆగుతారా? ఈ ఏర్పాటు లేకుండా సైన్స్ బ్రాండ్ అని పేరు పెట్టుకుంటే అది పాత మార్కెటింగ్ బ్రాండే, డబ్బా రంగు తెల్లగా మారిందంతే. మిగతా జవాబంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

ముందు ది ఆర్డినరీ మాతృసంస్థ డీసీయమ్ సంగతి చూద్దాం, ఎందుకంటే మీరు ఆదర్శంగా పెట్టుకున్న కంపెనీలో నేర్చుకోవాల్సిన మంచీ ఉంది, చెడూ ఉంది. ట్రూయాక్స్ 2013లో టొరంటోలో డీసీయమ్ పెట్టారు. ఒకేసారి పది బ్రాండ్లు నడపాలన్న ఆలోచనతో పెట్టిన కంపెనీ అది. ది ఆర్డినరీ 2016లో వచ్చింది. 10 శాతం నియాసినమైడ్ (విటమిన్ బి3 రూపం), 1 శాతం జింక్ పీసీఏ (ఒక జింక్ లవణం) ఉన్న 30 మి.లీ. సీసా దాదాపు 6 డాలర్లకి దొరికేసరికి, అంతకు పదింతలు పెట్టి కొంటున్నవాళ్లు ఉలిక్కిపడ్డారు. ఆ ధరలో మాయేమీ లేదు. 30 మి.లీ. సీరంలో 10 శాతం అంటే 3 గ్రాముల నియాసినమైడ్. దాని ఖరీదు సీసా, డ్రాపర్, అట్టపెట్టె ఖరీదు కన్నా చాలా తక్కువ. పైగా వాళ్లకి సొంత ల్యాబ్, సొంత తయారీ, సొంత దుకాణాలు ఉన్నాయి, మధ్యవాళ్ల లాభం తక్కువ. సినిమా తారల ప్రకటనలూ లేవు. దాంతో అప్పటిదాకా వినియోగదారుడికి కనబడని లెక్క ఒక్కసారిగా కనబడింది. ఆ సీరం చిక్కదనానికి వాడిన జిగురు ఏమిటో తెలుసా? శాంతన్ గమ్‌తో పాటు చింతగింజల జిగురు. పదార్థాల జాబితాలోనే ఉంటుంది చూడండి.

ఇక రెండో వైపు. 2017లో అమెరికా సౌందర్య సాధనాల కంపెనీ ఎస్టీ లాడర్ డీసీయమ్‌లో వాటా తీసుకుంది. 2018 మొదట్లో ట్రూయాక్స్ కంపెనీ ఇన్‌స్టాగ్రామ్ ఖాతాని తనే నడపడం మొదలుపెట్టారు. ఫిబ్రవరిలో కో-సీఈఓ నికోలా కిల్నర్‌ని తీసేశారు. ఆ వెంటనే ఆర్థిక వ్యవహారాల అధిపతి రాజీనామా చేశారు. జూలైలో కిల్నర్ తిరిగొచ్చారు. అక్టోబరులో ట్రూయాక్స్ అదే ఇన్‌స్టాగ్రామ్‌లో, కంపెనీ కార్యకలాపాలు మూసేస్తున్నామని ప్రకటించి, దుకాణాలు మూయించారు. ఎస్టీ లాడర్ ఆంటారియో సుపీరియర్ కోర్టుకి వెళ్లి ఆయన్ని పదవి నుంచి తప్పించే ఉత్తర్వు తెచ్చుకుంది. కిల్నర్ తాత్కాలిక సీఈఓ అయ్యారు. 2019 జనవరిలో ట్రూయాక్స్ చనిపోయారు. ఆ మనిషి వ్యక్తిగత సంక్షోభం మీద తీర్పు చెప్పే హక్కు మనకి లేదు. కంపెనీ కట్టడం గురించి మాత్రం మాట్లాడుకోవచ్చు: ఒక మనిషి ఫోన్‌లోంచి వెళ్లిన ఒక్క పోస్టు కంపెనీని ఆపేయగలిగింది, లోపల ఆపేవాళ్లు లేక కోర్టు ఆపాల్సొచ్చింది. అయినా ఫార్ములాలు, ల్యాబ్, ధర, లేబుల్ పద్ధతి చెక్కుచెదరలేదు గనుక కిల్నర్ నాయకత్వంలో కంపెనీ నిలబడింది. 2021లో ఎస్టీ లాడర్ దాదాపు 100 కోట్ల డాలర్లు పెట్టి తన వాటాని 29 నుంచి 76 శాతానికి పెంచుకుంది. 2024లో మిగతాదీ కొనేసింది.

మన దగ్గర ఈ దారిలో బాగా నడిచింది మినిమలిస్ట్. 2020లో జైపూర్‌లో మోహిత్ యాదవ్, రాహుల్ యాదవ్ అన్నదమ్ములు మొదలుపెట్టారు. 2025 జనవరిలో హిందుస్థాన్ యూనిలీవర్ 90.5 శాతం వాటా కొంటున్నట్టు ప్రకటించింది, 2,955 కోట్ల రూపాయల విలువ కట్టి. అదే హిందుస్థాన్ యూనిలీవర్ 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ పేరులోంచి 'ఫెయిర్' తీసేసింది. మార్కెట్ ఎటు తిరిగిందో చెప్పడానికి ఈ రెండూ చాలు. అయితే మీ జిల్లాలో మీకు అసలు పోటీ ఈ బ్రాండ్లతో కాదు, మందుల షాపులో చీటీ లేకుండా దొరికే హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, స్టిరాయిడ్ కలిపిన ట్యూబుతో. వారంలో తెల్లగా చేస్తుంది, నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎర్రబడి, మానేస్తే మంటలెత్తుతుంది. 2018లో స్టిరాయిడ్ పూతమందులు కొన్నిటిని షెడ్యూల్ హెచ్‌లో (డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితా) చేర్చినా అలవాటు పోలేదు. మీ సీరం 8 నుంచి 12 వారాలకి గానీ ఫలితం చూపించదు. ఆ ఓపికని అమ్మగలగడం మీ మార్కెటింగ్ అనుభవానికి నిజమైన పరీక్ష.

ఇప్పుడు శాతాల సంగతి. మీరు స్వయంగా నేర్చుకోవాల్సింది ఇదే. ఒకే అంకె మూడు రకాలుగా మోసం చేస్తుంది.

మొదటిది పీహెచ్, అంటే ఆమ్లగుణం కొలత. అంకె తగ్గేకొద్దీ ఆమ్లగుణం ఎక్కువ. గ్లైకాలిక్ యాసిడ్ 10 శాతం అని ఇద్దరు రాస్తారు. ఒకరిది పీహెచ్ 3.5, ఇంకొకరిది 4.5. ఈ ఆమ్లం పీకేఏ 3.83, అంటే ఆ పీహెచ్ దగ్గర సగం మాత్రమే స్వేచ్ఛగా, చర్మంలోకి దిగే రూపంలో ఉంటుంది. లెక్క కడితే 3.5 దగ్గర దాదాపు 68 శాతం, 4.5 దగ్గర దాదాపు 18 శాతం. అంటే మొదటి సీసాలో పనిచేసేది 6.8 శాతం, రెండో దాంట్లో 1.8 శాతం. లేబుల్ మీద ఇద్దరిదీ 10 శాతమే. రెండోది మృదువుగా ఉందని మెచ్చుకునేవాళ్లు ఉంటారు, మొదటిది కాల్చిందని తిట్టేవాళ్లు ఉంటారు. పీహెచ్ వేయకుండా ఆమ్లం శాతం వేయడం సగం నిజమే.

రెండోది, సరఫరాదారు ద్రావణం. చాలా ముడిసరుకులు పొడిగా రావు, నీళ్లలోనో ఇంకో ద్రావకంలోనో కలిపి వస్తాయి. ది ఆర్డినరీలోనే ఉదాహరణ ఉంది: గ్రానాక్టివ్ రెటినాయిడ్ 2 శాతం అన్నదాంట్లో అసలు రెటినాయిడ్ (విటమిన్ ఎ జాతి పదార్థం), హైడ్రాక్సీపినకలోన్ రెటినోయేట్, 0.2 శాతం. గ్రానాక్టివ్ అన్నది పదో వంతు రెటినాయిడ్, మిగతా ద్రావకం ఉన్న మిశ్రమం పేరు. రాసింది అబద్ధం కాదు, కానీ పక్కనున్న రెటినాల్ 1 శాతంతో పోల్చి 'ఇది డబుల్' అనుకున్నవాళ్లు ఎందరో. పెప్టైడ్ సీరంలు ఇంకా ఘోరం. 10 శాతం పెప్టైడ్ ద్రావణం అంటే నిజమైన పెప్టైడ్ లక్షలో కొన్ని వంతులే ఉండొచ్చు. ప్రతి ముడిసరుకు విశ్లేషణ పత్రంలో 'యాక్టివ్ ఎంత' అన్న గడి చూడటం మీరు నేర్చుకోండి. ఒక్క సాయంత్రం పని.

మూడోది, తయారైన రోజు అంకె, సీసా అయిపోయే రోజు అంకె. ఇక్కడే మీ విటమిన్ సి వస్తుంది.

విటమిన్ సి అసలు రూపమైన ఎల్-ఆస్కార్బిక్ యాసిడ్ మీద గట్టి పని చేసింది అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలోని షెల్డన్ పిన్నెల్ బృందం. 2001లో వాళ్లు చూపించింది: పీహెచ్ 3.5 కన్నా తక్కువుంటేనే అది చర్మంలోకి బాగా దిగుతుంది, 20 శాతం దాటాక ఇంకా పెంచినా లాభం లేదు. 2005లో 15 శాతం విటమిన్ సి, 1 శాతం విటమిన్ ఇ, 0.5 శాతం ఫెరూలిక్ యాసిడ్ కలిపితే స్థిరత్వమూ, ఎండ నుంచి రక్షణా పెరుగుతాయని చూపించారు. కాబట్టి మీ 20 శాతం శాస్త్రానికి విరుద్ధమేమీ కాదు. కష్టమల్లా దాన్ని బెజవాడ ఎండలో బతికించడం. నీళ్లలో కలిసిన ఆస్కార్బిక్ యాసిడ్ గాలి, వేడి, వెలుతురు, ఇనుము, రాగి జాడలు తగిలితే ఆక్సీకరణ చెంది పసుపు, తర్వాత తేనె రంగు, తర్వాత గోధుమ రంగుకి తిరుగుతుంది. డ్రాపర్ ఎత్తిన ప్రతిసారీ కొత్త గాలి లోపలికి పోతుంది. కొరియర్ గోడౌన్‌లో మే నెలలో రేకుల కింద పడున్న పెట్టెకి మీ ల్యాబ్ ఏసీ ఏం తెలుసు? ఫెరూలిక్ యాసిడ్‌కి నీళ్లలో కరగడం ఇష్టముండదు, ఎథాక్సీడైగ్లైకాల్ లాంటి ద్రావకం చాలకపోతే అడుగున పలుకులుగా దిగుతుంది. పైగా పీహెచ్ 3 దగ్గర 20 శాతం ఆమ్లం మన చామనఛాయ చర్మాల మీద కొందరికి మంట పుట్టిస్తుంది. మంట తగ్గాక అక్కడే నల్లమచ్చ మిగులుతుంది. మచ్చలు పోవడానికి కొన్నవాళ్లకి మచ్చ ఇచ్చి పంపినట్టవుతుంది.

ఈ ఉత్పత్తి చెయ్యాలంటే నైట్రోజన్ కింద నింపడం, లోహాలని పట్టేసే ఈడీటీఏ, గాలి చొరబడని పంపు సీసా లేదా చిన్న ముదురురంగు సీసా, తెరిచాక 2 నుంచి 3 నెలలు అన్న గడువు, ఇవన్నీ కావాలి. మొదటి ఉత్పత్తిగా ఇది వద్దు. 3-ఓ-ఎథైల్ ఆస్కార్బిక్ యాసిడ్ లాంటి విటమిన్ సి రూపాలు ఎక్కువ రోజులు నిలుస్తాయి, కానీ వాటి వెనక ఉన్న ఆధారాలు ఎల్-ఆస్కార్బిక్‌కి ఉన్నంత లేవు. ఆ మాట లేబుల్‌లోనో వెబ్‌సైట్‌లోనో చెప్పగలిగే ధైర్యం ఉంటేనే వాడండి.

మొదటి ఉత్పత్తిగా 5 శాతం నియాసినమైడ్ సీరం పెట్టుకోండి. 10 కాదు, 5. మచ్చల మీద, జిడ్డు మీద, చర్మపు పొర మీద మంచి ప్రయోగాలు 2 నుంచి 5 శాతం మధ్యే జరిగాయి. 10 శాతం అనేది ఎక్కువగా పోటీ వల్ల పెరిగిన అంకె. 10లో కొందరికి ఎర్రదనం, చురచుర ఎక్కువ. పోటీవాడు 10 వేసినప్పుడు మీరు 5 వేసి ఎందుకో చెప్పగలిగితే, అదీ సైన్స్ బ్రాండ్ నాయకత్వం. మీ సేల్స్ టీమ్ మొదటి నెలలోనే దీని మీద గొడవ పెడుతుంది, సిద్ధంగా ఉండండి.

100 కిలోల బ్యాచ్‌కి మొదలుపెట్టే ఫార్ములా ఇలా ఉంటుంది: నియాసినమైడ్ 5 కిలోలు, గ్లిజరిన్ 3, ప్రొపేన్‌డయాల్ 3, పాంథెనాల్ 1, శాంతన్ గమ్ 300 గ్రాములు, డైసోడియం ఈడీటీఏ 100 గ్రాములు, ఫినాక్సీఎథనాల్ 900 గ్రాములు, ఎథైల్‌హెక్సైల్‌గ్లిజరిన్ 100 గ్రాములు, మిగతా దాదాపు 86.6 కిలోలు శుద్ధిచేసిన నీరు. పీహెచ్ 5.8 నుంచి 6.2.

ముందు పెద్ద పాత్రలో 75 కిలోల నీళ్లు పోసి ఈడీటీఏ కరిగిస్తారు. విడిగా గ్లిజరిన్‌లో శాంతన్ గమ్ వేసి ముద్దలా తడిపి, నీళ్లు సుడి తిరుగుతుండగా సన్నధారగా పోస్తారు. శాంతన్‌ని పొడిగా నేరుగా నీళ్లలో చల్లితే పైన తడిసి లోపల పొడిగా ఉండలు కడుతుంది, ఎంత తిప్పినా విడిపోదు, తర్వాత ఫిల్లింగ్ నాజిల్‌లో ఇరుక్కుంటుంది. 20 నుంచి 30 నిమిషాలు తిప్పి ఉండల్లేవని చూసుకున్నాక నియాసినమైడ్ కొద్దికొద్దిగా వేస్తారు, మామూలు ఉష్ణోగ్రతలోనే కరుగుతుంది. పాంథెనాల్ జిగటగా ఉంటుంది గనుక 3, 4 కిలోల నీళ్లలో కలిపి పోయాలి, లేకపోతే డబ్బాకి అంటుకుని అర కిలో తగ్గుతుంది. తర్వాత ప్రొపేన్‌డయాల్, చివర్లో సూక్ష్మజీవులు పెరగకుండా ఆపే ప్రిజర్వేటివ్ (ఫినాక్సీఎథనాల్, ఎథైల్‌హెక్సైల్‌గ్లిజరిన్). సిట్రిక్ యాసిడ్ 10 శాతం ద్రావణంతో పీహెచ్ నెమ్మదిగా దించాలి. ఎక్కువ దించేసి క్షారం పోసి పైకి లేపి, మళ్లీ దించి ఆడుకుంటే లవణం పేరుకుని చిక్కదనం మారుతుంది. చివరికి నీళ్లతో 100 కిలోలకి సరిచేసి, బుడగలు పోయేదాకా నెమ్మదిగా తిప్పి, రాత్రంతా ఉంచి, పైన, మధ్యలో, అడుగున మూడు నమూనాలు తీస్తారు. సాంద్రత 1.03 అనుకుంటే 30 మి.లీ.కి 30.9 గ్రాములు. పాత్రలో, పైపుల్లో పోయే 4, 5 శాతం తీసేస్తే 3,050 నుంచి 3,100 సీసాలు రావాలి. తయారీదారు 2,700 వచ్చాయంటే ఎక్కడికి పోయిందో అడగండి. 3,300 అంటే ఇంకా గట్టిగా అడగండి, సీసాలు తక్కువ నింపుతున్నారు.

ఇందులో చెడేవి కొన్ని ముందే చెబుతా. నియాసినమైడ్ ముడిసరుకులో నికోటినిక్ యాసిడ్ మలినం ఉంటే ముఖం ఎర్రబడి వేడెక్కుతుంది. 100 పీపీఎం (పది లక్షల్లో 100 వంతులు) లోపున్న గ్రేడ్ అడగండి. పీహెచ్ బాగా తగ్గినా నియాసినమైడ్ కాలక్రమంలో అదే నికోటినిక్ యాసిడ్‌గా మారుతుంది. అందుకే పీహెచ్ 3 విటమిన్ సితో ఒకే సీసాలో పెట్టకూడదు. (ముఖం మీద ఒకదాని తర్వాత ఒకటి రాస్తే ఏదో అయిపోతుందన్న భయం మాత్రం అతిశయోక్తి. అంత తక్కువ సేపట్లో ఆ మార్పు జరగదు.) జింక్ పీసీఏ కలపాలనుకుంటే కార్బోమర్ జెల్ వాడకండి, లవణం తగలగానే జెల్ నీళ్లయిపోతుంది. శాంతన్ ఎక్కువైతే సీరం మీద సన్‌స్క్రీన్ రాసినప్పుడు రబ్బరు తుడిచినట్టు పొరలు రాలతాయి. రివ్యూల్లో మొట్టమొదట వచ్చే ఫిర్యాదు అదే. మీరు తర్వాత 2 శాతం సాలిసిలిక్ యాసిడ్‌కి వెళ్తే ఇంకో తలనొప్పి. అది నీళ్లలో దాదాపు 0.2 శాతమే కరుగుతుంది, గ్లైకాల్ చాలకపోతే చలికాలంలో సూదుల్లా స్ఫటికాలు దిగుతాయి.

సీసా బాగుందో లేదో చెప్పేది స్టెబిలిటీ పరీక్ష. అమ్మబోయే సీసాలోనే, అమ్మబోయే పంపుతోనే పెట్టాలి, ల్యాబ్ గాజు బీకరులో కాదు. 40 డిగ్రీలు, 75 శాతం తేమ దగ్గర కనీసం 3 నెలలు, దానికి సమాంతరంగా 30 డిగ్రీల దగ్గర గడువు పూర్తయ్యేదాకా. 0, 1, 2, 3 నెలలకి రంగు, వాసన, పీహెచ్, చిక్కదనం, బరువు తగ్గుదల, హెచ్‌పీఎల్‌సీతో (పదార్థం ఎంతుందో కొలిచే ల్యాబ్ పద్ధతి) నియాసినమైడ్ ఎంత మిగిలిందో చూడాలి. విడుదల చేసేటప్పుడు 4.75 నుంచి 5.25 శాతం, గడువు చివర 4.5కి తగ్గకూడదు అని హద్దులు ముందే కాగితం మీద పెట్టండి. ఫలితం వచ్చాక హద్దు గీస్తే అది హద్దు కాదు. ఇంకో మాట, లాంచ్ తేదీ ఈ 3 నెలల రిపోర్టు తర్వాతే ఖరారు చెయ్యండి. దసరా, దీపావళి ఆఫర్లకి తేదీ ముందు పెట్టి స్టెబిలిటీని దాంట్లో ఇరికించే బ్రాండ్లు రంగు మారిన సీసాలతో సంక్రాంతి చేసుకుంటాయి. బ్రీఫ్ రాసిన రోజు నుంచి మొదటి అమ్మకానికి 9 నుంచి 12 నెలలు పట్టడం సహజం.

ప్రిజర్వేటివ్ మీద రాజీ పడొద్దు. 'ప్రిజర్వేటివ్ లేని' అన్న ముద్ర అమ్మకాలకి బాగుంటుంది, సూడోమోనాస్ బ్యాక్టీరియాకి అంతకన్నా బాగుంటుంది. ప్రిజర్వేటివ్ బలం తేల్చే ఐఎస్ఓ 11930 పరీక్షలో సీరంలోకి కావాలని స్టఫిలోకాకస్, సూడోమోనాస్, ఇ. కోలి, కాండిడా, ఆస్పర్జిల్లస్ ఎక్కించి 28 రోజులు చూస్తారు. మొదటి శ్రేణి పాసవ్వాలంటే 7 రోజుల్లో బ్యాక్టీరియా వెయ్యో వంతుకి పడిపోవాలి, మళ్లీ పెరగకూడదు. సోడియం బెంజోయేట్ సహజం అని దాన్ని పీహెచ్ 6 సీరంలో వేసేవాళ్లున్నారు. దాని ఆమ్లం పీకేఏ 4.2, పీహెచ్ 6 దగ్గర దాదాపు పనిచేయదు. తయారీదారు ఫ్యాక్టరీకి వెళ్లినప్పుడు ముందు అడగాల్సింది నీళ్ల ప్లాంటు రికార్డు. నీళ్లలోంచి లవణాలు తీసేసే డీఎం రెజిన్ బెడ్‌లలో బర్క్‌హోల్డేరియా సెపేషియా అనే మొండి బ్యాక్టీరియా హాయిగా కాపురం చేస్తుంది. కాస్మెటిక్స్ వెనక్కి పిలిపించిన సందర్భాల్లో దాని పేరు తరచూ కనిపిస్తుంది. ఫ్యాక్టరీలో ఏసీ గది, తెల్లకోట్లు చూసి మురిసిపోకండి.

ఇప్పుడు ప్రకటనలు, మీ సొంత రంగం. ముడిసరుకు మీద జరిగిన ప్రయోగాన్ని మీ ఉత్పత్తికి అంటగట్టడం ఈ వ్యాపారంలో అతి మామూలు తప్పు. ప్రయోగంలో 5 శాతం నియాసినమైడ్ క్రీము రోజుకి రెండుసార్లు 8 వారాలు ముఖం మీద ఉంచారు. మీ 2 శాతం ఫేస్‌వాష్ 30 సెకన్లు ఉండి సింకులోకి పోతుంది. ఆ ఫలితం దీనికి ఎలా వస్తుంది? '90 శాతం మహిళలు మెరుపు గమనించారు' అనేది ప్రశ్నాపత్రం ఫలితం, కొలత కాదు. డబ్బుంటే ఒక్క మంచి ప్రయోగం చేయించండి: 30 నుంచి 40 మంది, మన ఛాయ చర్మాలు, 8 నుంచి 12 వారాలు, సగం ముఖానికి మీ సీరం, సగం ముఖానికి నియాసినమైడ్ తీసేసిన అదే సీరం. కొలత యంత్రాలతో, ఏ వైపు ఏది రాశారో కొలిచేవాళ్లకి తెలియకుండా. గ్లిజరిన్ ఒక్కటే చేసే మేలు ఎంతో అప్పుడు తెలుస్తుంది, కొన్నిసార్లు అది కాస్త బాధగా ఉంటుంది. నీతి కమిటీ అనుమతి, రాతపూర్వక సమ్మతి తప్పనిసరి. ట్రెటినాయిన్‌ని ముడతల మీద నిలబెట్టిన ఆల్బర్ట్ క్లిగ్‌మన్ పేరు చెప్పుకునే రంగం మనది. ఆయనే ఫిలడెల్ఫియా హోమ్స్‌బర్గ్ జైల్లో ఖైదీల మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసినవారు కూడా. సైన్స్ అన్న మాట వాడుకునేవాళ్లు ఆ రెండో సగం కూడా గుర్తుంచుకోవాలి.

మాటల విషయంలో చట్టపు గీత ఉంది. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం ప్రకారం కాస్మెటిక్ శుభ్రం చేస్తుంది, అందంగా చేస్తుంది, రూపం మారుస్తుంది. 'మొటిమలు నయం చేస్తుంది', 'మంగు పోగొడుతుంది' అంటే మీరు మందు అమ్ముతున్నట్టే. 'మచ్చలు తగ్గినట్టు కనిపించేలా', 'జిడ్డు తగ్గిస్తుంది' అనే వరకే. మీరు రాయకపోయినా డబ్బిచ్చిన ఇన్‌ఫ్లుయెన్సర్ నోటివెంట వస్తే బాధ్యత మీదే, కాబట్టి స్క్రిప్టు మీ టెక్నికల్ మనిషి సంతకం లేకుండా బయటికి పోకూడదు.

ఆ టెక్నికల్ మనిషి ఎవరు, ఎక్కడ కూర్చోవాలి? మొదటి జీతం అతనికో ఆమెకో ఇవ్వండి, మార్కెటింగ్‌లో మీరే ఉన్నారుగా. ఫార్మసీ లేదా కాస్మెటిక్ టెక్నాలజీ చదివి, ఫ్యాక్టరీలో కనీసం ఐదారేళ్లు బ్యాచ్‌లు చూసినవాళ్లు కావాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో పదార్థాలు వివరించేవాళ్లు వేరు, 100 కిలోలు చెడిపోవడం చూసినవాళ్లు వేరు. నాణ్యత మనిషి నేరుగా మీకు రిపోర్ట్ చెయ్యాలి, ప్రొడక్షన్‌కీ సేల్స్‌కీ కాదు. బ్యాచ్ విడుదల సంతకం వాళ్లదే, మీది చెల్లదు అని షేర్‌హోల్డర్ ఒప్పందంలోనో బోర్డు తీర్మానంలోనో రాయించండి. నోటి మాటగా ఉంటే నెలాఖరు టార్గెట్ ముందు అది కరిగిపోతుంది. కంపెనీ సోషల్ మీడియా పాస్‌వర్డ్‌లు ఒక్కరి దగ్గరే ఉండకూడదు, ఫౌండర్ దగ్గర అసలే కాదు. డీసీయమ్ 2018 చదివాక దీనికి వేరే కారణం చెప్పనక్కర్లేదు.

థర్డ్ పార్టీ తయారీదారుతో ఒప్పందంలో ఫౌండర్లు వదిలేసే అంశం ఒకటుంది: ఫార్ములా ఎవరిది? ఎక్కువ సందర్భాల్లో అది తయారీదారుదే, మీకు తెలియకుండానే. రెండేళ్లు బ్రాండ్ పెంచాక ధర పెంచితే వేరేచోటికి పోలేరు, అదే సీరం ఇంకో పేరుతో పక్క బ్రాండ్‌కీ పోతుంది. ఫార్ములా శాతాలతో సహా మీ పేరున, బ్యాచ్ రికార్డు నకలు ప్రతిసారీ, ప్రతి బ్యాచ్ నుంచి నిల్వ నమూనాలు మీ దగ్గర కూడా, ముడిసరుకు సరఫరాదారు మారితే ముందే మీ అనుమతి. ఈ నాలుగూ లేకపోతే సంతకం పెట్టకండి. ముడిసరుకు గ్రేడ్ చెప్పకుండా మార్చడం వల్లే 'పాత సీసా బాగుండేది' అన్న రివ్యూలు వస్తాయి.

అమ్మకాలు మొదలయ్యాక ఫిర్యాదుల రిజిస్టర్‌ని వారానికోసారి మీరే చదవండి. బ్యాచ్ నంబరు, వాడిన రోజులు, పక్కన వాడే ఇతర ఉత్పత్తులు, ఫోటో. ప్రతి 10,000 సీసాలకి ఎన్ని మంట ఫిర్యాదులు అని లెక్క పెట్టండి. ఒక బ్యాచ్‌ది మిగతావాటికి మూడింతలైతే రిఫండ్ ఇచ్చి మూసేయకుండా ఆ బ్యాచ్ అమ్మకం ఆపి నిల్వ నమూనా తీసి పీహెచ్, నికోటినిక్ యాసిడ్, సూక్ష్మజీవులు చూడాలి. కస్టమర్ కేర్ టీమ్‌కి బోనస్ 'టికెట్ ఎంత త్వరగా మూశారు' అన్నదాని మీద ఇస్తే ఈ సమాచారం మీదాకా రాదు.

చివరిగా ఇంట్లో బ్యాచ్‌ల సంగతి. కుదరదండీ. నేర్చుకోవడానికి అర కిలో చేసుకుని మీ చేతికి రాసుకోండి, తప్పేమీ లేదు. కానీ అమ్మడానికే కాదు, పంచిపెట్టడానికి తయారుచేయాలన్నా లైసెన్స్ ఉండాలి. స్నేహితులకి ఉచితంగా ఇచ్చి రివ్యూలు రాయించుకోవడం కూడా ఇందులోకే వస్తుంది. 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం సొంత యూనిట్‌కి కాస్-5 దరఖాస్తు, కాస్-8 లైసెన్స్. వేరేవాళ్ల యూనిట్‌లో మీ పేరున చేయించే లోన్ లైసెన్స్‌కి కాస్-6, కాస్-9. రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారులు ఇస్తారు. లేబుల్ మీద తయారీదారు పేరు, చిరునామా, లైసెన్స్ నంబరు, బ్యాచ్, గడువు, నికర పరిమాణం, గరిష్ఠ ధర ఉండాలి. పదార్థాల్లో 1 శాతం దాటినవి తగ్గే క్రమంలో, ఆ లోపువి ఎలాగైనా రాయొచ్చు. (పోటీవాళ్ల లేబుల్ చదివేటప్పుడు ఫినాక్సీఎథనాల్ ఎక్కడుందో చూడండి. దాని హద్దే 1 శాతం. దాని తర్వాత వచ్చిన 'హీరో పదార్థం' సాధారణంగా అంతకన్నా తక్కువే.)

రేపు పొద్దున్న చెయ్యాల్సిన పని అడిగితే: ముగ్గురు తయారీదారులకి ఫోన్ చేసి లైసెన్స్ నకలు, అందులో మీ రకం ఉత్పత్తికి అనుమతి ఉన్న పేజీ, ఆఖరి ఆరు నెలల నీటి పరీక్షల రిపోర్టులు అడగండి. మూడూ రెండు రోజుల్లో పంపినవాళ్ల దగ్గరికే ఫ్యాక్టరీ చూడటానికి వెళ్లండి.